ఇద్దరం కలిసి శని, ఆదివారాలు నడవడానికి వెళ్తున్నాం, ప్లాన్ చూసి చెప్పండి

చిరుగాలి | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో ఒక శని, ఆదివారాలు మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్లి హాయిగా నడవాలనుకుంటున్నాం. బాబు పుట్టాక మేమిద్దరమే ఊరు దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. వాణ్ణి మా అమ్మ దగ్గర ఉంచుతున్నాం. అందుకే ఈ రెండు రోజులూ బాగా గడవాలన్న ఆత్రం నాకు చాలా ఉంది.

మా ఆయన రోజూ పొద్దున్నే పరిగెడతారు. కొండలంటే ఇష్టం. నేను సాయంత్రాలు చదునైన రోడ్డు మీద నడుస్తాను, అంతకు మించి అలవాటు లేదు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కొంచెం పట్టేసినట్టు ఉంటుంది. ఆయనకి శిఖరం దాకా ఎక్కాలని ఉంది. నాకేమో పొద్దున నడిచి, మధ్యాహ్నానికల్లా గదికి వచ్చేసి, వేడినీళ్ల స్నానం చేసి, కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పుకోవాలని ఉంది.

ఆయన మ్యాప్ ముందు పెట్టుకుని వేసిన ప్లాన్ ఇది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రి పదకొండింటికి చేరతాం. శనివారం 18 కిలోమీటర్లు నడక, మొత్తం ఎక్కుడు 900 మీటర్లు, రాత్రికి వేరే ఊళ్లో బస. ఆదివారం 14 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు, సాయంత్రం తిరుగు ప్రయాణం.

నాకిది ఎక్కువనిపిస్తోంది. కానీ ఎందుకు ఎక్కువో చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. ఆయన సంతోషంగా వేసుకున్న ప్లాన్‌ని ఊరికే కాదనడం నాకిష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


కాలిబాట | సోమవారం, రాత్రి 9:55

చిరుగాలి గారూ, లెక్క ఉంది. కొండల్లో నడిచేవాళ్లు వందేళ్లకు పైగా వాడుతున్నదే. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంతే సూత్రం.

మీవారి శనివారం ప్లాన్‌కి వేసి చూద్దాం. 18 కిలోమీటర్లకు 3 గంటల 36 నిమిషాలు, 900 మీటర్ల ఎక్కుడుకి గంటన్నర. మొత్తం 5 గంటల 6 నిమిషాలు. ఆయన బహుశా ఈ అంకె చూసే 'మధ్యాహ్నానికి అయిపోతుంది' అనుకుని ఉంటారు. అయితే ఆ సూత్రం బాగా అలవాటున్నవాళ్లకి, ఎక్కడా ఆగకుండా నడిస్తే. అలవాటు లేనివాళ్లకి గంటకు 4 కిలోమీటర్లు వేసుకోవడం మంచిది. అప్పుడు 6 గంటలు. దాని మీద తినడానికి, ఫోటోలకి, ఊరికే చూస్తూ నిలబడడానికి కనీసం గంటన్నర. అంటే ఏడున్నర గంటలు.

ఇంకొకటి, నైస్మిత్ దిగుడుని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత లాంగ్‌ముయిర్ అనే ఆయన దాన్ని సవరించాడు: వాలు కొద్దిగా ఉంటే ప్రతి 300 మీటర్ల దిగుడుకి 10 నిమిషాలు తగ్గించాలి, నిటారుగా ఉంటే 10 నిమిషాలు కలపాలి. మీ మోకాలి సంగతి చూస్తే మీకు ఎప్పుడూ కలపడమే. మొత్తం ఎనిమిది గంటలు అనుకోండి. పొద్దున ఎనిమిదికి మొదలైతే సాయంత్రం నాలుగు. కిటికీ పక్కన కబుర్లు అప్పుడు కుదరవు, మంచం మీద వాలిపోవడమే.


రాళ్లదారి | సోమవారం, రాత్రి 10:30

నేను కొంచెం వేరుగా చెప్తాను. అంత దూరం వెళ్లి చదును దారిలో తిరిగి వస్తే మీవారికి ఆ లోటు మిగిలిపోతుంది. ఎత్తుకి చేరి చుట్టూ చూస్తే కలిగే ఆనందం వేరు, అది మీకూ నచ్చుతుందేమో. నా ఉద్దేశంలో దూరం తగ్గించండి, ఎత్తు మాత్రం వదలకండి. 900 మీటర్లు కాకపోతే 400. శిఖరమే కానక్కర్లేదు, ఏదో ఒక గట్టు మీదకి చేరితే చాలు.


చిరుగాలి | సోమవారం, రాత్రి 10:48

కాలిబాట గారూ, చాలా థ్యాంక్స్. ఈ లెక్క ఇప్పుడే ఆయనకి చూపించాను. గొడవేం పడలేదు. ఆగే సమయం లెక్కలో వేసుకోలేదన్నారు. రాళ్లదారి గారి మాట కూడా నాకు నచ్చింది. నాకు ఎత్తు అంటే భయం లేదు, దిగడమంటేనే.


మెత్తనిఅడుగు | మంగళవారం, ఉదయం 7:15

నేను ఫిజియోథెరపీ చేస్తాను. దిగడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఎక్కడం గురించే టెన్షన్ పడతారు.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గిపోతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఏమీ కావట్లేదు అనిపిస్తుంది. కానీ అప్పుడే తొడ ముందు భాగం కండరాలు సాగుతూనే బరువుని ఆపుతుంటాయి, అడుగడుగునా బ్రేకు వేసినట్టు. ఈ రకం పనికే కండరాల్లో సన్నని చీలికలు ఎక్కువగా వస్తాయి. నొప్పి వెంటనే తెలియదు. పన్నెండు గంటల తర్వాత మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఉంటుంది. శనివారం 900 మీటర్లు దిగితే ఆదివారం పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది, సోమవారం ఆఫీసు మెట్ల మీద ఇంకా బాగా తెలుస్తుంది.

మంచి విషయం ఏమిటంటే, ఈ కండరాలు త్వరగా నేర్చుకుంటాయి. ఒకసారి కొద్దిగా దిగుడు పని చేయిస్తే, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి నొప్పి బాగా తక్కువగా వస్తుంది. కాబట్టి మీకు నెల టైముంది, వారానికి రెండు మూడు సార్లు మెట్లు దిగండి. పైకి లిఫ్టులో వెళ్లినా ఫర్వాలేదు, కిందికి నడిచి రండి. మొదటి రోజు కొద్దిగానే, తర్వాత పెంచుకుంటూ పోండి. మోకాలి విషయం మాత్రం ప్రయాణానికి ముందే ఒకసారి డాక్టరుకి చూపించండి. వాపు ఉన్నా, నడుస్తుంటే మోకాలు జారినట్టు అనిపించినా, దాన్ని చూపించకుండా కొండ ఎక్కొద్దు.

నడక కర్రలు తప్పకుండా తీసుకోండి, ఒకటి కాదు రెండూ. చదునులో మోచేయి లంబకోణంలో ఉండే ఎత్తు సరిపోతుంది. దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెంచండి, ఎక్కేటప్పుడు అంతే తగ్గించండి. దిగేటప్పుడు అంగలు చిన్నవి వేయండి, మోకాలు పూర్తిగా బిగించకుండా కాస్త వంచి ఉంచండి.


ఇంటిదీపం | మంగళవారం, ఉదయం 11:40

చిరుగాలీ, నాకు నీ వయసు కూతురుంది, అందుకే నువ్వు అంటున్నాను. మా వారూ నేనూ పెళ్లైనప్పటి నుంచీ ఇలా నడవడానికి వెళ్తూనే ఉన్నాం. నడక గురించి పెద్దవాళ్లు బాగా చెప్తున్నారు. నేను మిగతా సగం గురించి చెప్తాను.

మొదటిది: బస మార్చొద్దు. రెండు రాత్రులూ ఒకే గది. ఊరు మారితే శనివారం మొత్తం సామాను మోయాలి, తడిసిన బట్టలు కూడా సంచిలోనే. అన్నిటికంటే ముఖ్యం, 'అక్కడికి చేరాలి' అనే తొందర మనసులో పెట్టుకుని నడవాలి. ఒకే గది అయితే కాళ్లు నొప్పి పుట్టిన చోట వెనక్కి తిరగొచ్చు. ఆ వెసులుబాటు ఉంటేనే విశ్రాంతి.

రెండోది: శుక్రవారం రాత్రి పదకొండింటికి చేరడం వద్దు. తాళాలు తీసుకుని, సామాను సర్ది పడుకునేసరికి ఒంటి గంట. నిద్ర చాలని మనిషితో శిఖరం గురించి మాట్లాడినా, స్నానం గురించి మాట్లాడినా గొడవే. మీ ఇంటి నుంచి రెండున్నర మూడు గంటల్లో చేరగలిగే చోటు వెతుక్కోండి. ఇంకా దూరమే వెళ్లాలంటే శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టండి.

మూడోది గది. ఫోటోలు చూసి బుక్ చేయకు, ఫోన్ చేసి అడుగు. వేడినీళ్లు మధ్యాహ్నం పూట కూడా వస్తాయా? చాలా చోట్ల పొద్దున మాత్రమే వస్తాయి, మీకు కావలసింది నడిచి వచ్చిన వేళకి. గది తలుపు నుంచి కాలిబాట మొదలయ్యే చోటికి నడిచి వెళ్లొచ్చా, లేక బండి కావాలా? పొద్దున ఏడింటికి తినడానికి ఏమైనా పెడతారా, లేకపోతే కట్టి ఇస్తారా? రాత్రి భోజనం అక్కడే దొరుకుతుందా? నడిచి వచ్చి స్నానం చేశాక మళ్లీ చెప్పులేసుకుని తిండి వెతుక్కుంటూ బయటికి వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. తడి బట్టలు, బూట్లు ఆరబెట్టుకోవడానికి చోటుందా? ఆదివారం గది ఎన్నింటికి ఖాళీ చేయాలి, ఆ తర్వాత సామాను అక్కడ పెట్టి నడవడానికి వెళ్లొచ్చా, తిరిగొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కునే ఏర్పాటు ఉందా? అదే రోజు అక్కడ పెళ్లో పార్టీయో ఉందా అని కూడా అడుగు.

కుర్చీలు రెండు ఉన్నాయా అని అడగడం మర్చిపోకు. నవ్వుతారేమో, నవ్వనీ. ఒకే కుర్చీ ఉన్న గదిలో ఒకరు మంచం మీద, ఇంకొకరు కుర్చీలో కూర్చుంటే ఎవరి ఫోన్ వాళ్లు చూసుకోవడమే జరుగుతుంది.


కాలిబాట | మంగళవారం, మధ్యాహ్నం 1:05

రెండు కుర్చీల మాట బంగారం.


ఉత్తరందిక్కు | మంగళవారం, రాత్రి 8:30

మ్యాప్ గురించి. కిలోమీటర్లు చూసి దారి ఎంచుకోకండి, కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, చూసి ఎంచుకోండి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరం దూరంగా ఉంటే తీరుబడి వాలు. ఒకే కొండకి ఒక వైపు గీతలు కిక్కిరిసి ఉంటాయి, ఇంకో వైపు పల్చగా ఉంటాయి. నిటారు వైపు ఎక్కి, పల్చటి వైపు దిగండి. చిరుగాలి గారి మోకాలికి ఇదొక్కటే చాలా తేడా తెస్తుంది. చుట్టుతిరిగి మొదలైన చోటికే వచ్చే దారి అయితే ఏ దిశలో తిరగాలో మన చేతిలోనే ఉంటుంది కదా.

ఇద్దరికీ అలవాటులో తేడా ఉన్నప్పుడు దారి ఆకారం ముఖ్యం. వెళ్లిన దారినే తిరిగి వచ్చేది ఎక్కడైనా ఆపొచ్చు, అది భద్రం. చుట్టుదారి అందంగా ఉంటుంది, కానీ సగం దాటాక వెనక్కి తిరిగినా ముందుకి వెళ్లినా ఒకటే. నాకు నచ్చేది ఎనిమిది అంకె ఆకారం: మధ్యలో బస లేదా ఊరు, అటొక చిన్న చుట్టు, ఇటొక చిన్న చుట్టు. మొదటి చుట్టు అయ్యాక ఓపిక ఉంటే రెండోది, లేకపోతే గదికి.

ఫోన్ విషయం. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అవసరం లేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది. కావలసింది మ్యాప్. దాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే యాప్‌లలో చాలా కాలిబాటలు కనిపిస్తాయి. సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ దాన్ని వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, చాలా ఫోన్లలో జీపీఎస్ అప్పుడు కూడా పనిచేస్తుంది. అది కూడా ఇంట్లోనే ఒకసారి పరీక్షించుకోండి. ఇద్దరి ఫోన్లలోనూ మ్యాప్ ఉండాలి. కాగితం మీద ప్రింట్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే ఇంకా మంచిది.


వెనకాలే_వస్తా | మంగళవారం, రాత్రి 10:10

మా ఇంట్లో నేను నెమ్మది, మా ఆవిడ వేగం. కాబట్టి చిరుగాలి గారి వైపు నుంచి చెప్తాను, మీవారికి ఇది చదివి వినిపించండి.

వేగంగా నడిచేవాళ్లు ముందు వెళ్లిపోయి ఒక మలుపు దగ్గర ఆగి ఎదురుచూస్తారు. అది మంచి మనసుతోనే చేస్తారు. మనం రొప్పుతూ అక్కడికి చేరగానే, అప్పటికే వాళ్లు సేదదీరి ఉంటారు కాబట్టి 'పద' అని లేచి నడుస్తారు. ఇలా రోజంతా వాళ్లకి పది విశ్రాంతులు దొరుకుతాయి, మనకి ఒక్కటీ దొరకదు. అలసిన మనిషి ఇంకా అలసిపోతాడు, అలసట లేని మనిషికి విసుగొస్తుంది.

దీనికి మందు ఒకటే. నెమ్మదిగా నడిచే మనిషే ముందు నడవాలి. వెనక ఉన్నవాళ్లు దాటకూడదు. విశ్రాంతి లెక్క కూడా ఆఖరి మనిషి కూర్చున్నప్పటి నుంచే మొదలవ్వాలి. వేగం సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, ఇద్దరూ ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే సరైన వేగం. మాట ముక్కలవుతుంటే తగ్గించాలి. మాట్లాడుకోవడానికే కదా వెళ్తున్నది.

బరువు విషయంలో కూడా సమానత్వం వద్దు. నీళ్లు, రెయిన్‌కోట్లు, తిండి అన్నీ బలమైనవాళ్ల సంచిలోకి వెళ్లాలి. దాంతో ఇద్దరి వేగం కాస్త దగ్గరవుతుంది. నేను మొదట్లో నామోషీ పడేవాణ్ణి, మా ఆవిడే నా సంచిలోంచి నీళ్ల సీసాలు తీసేసుకునేది. ఇప్పుడు నేనే ఇస్తున్నాను.


రాళ్లదారి | బుధవారం, ఉదయం 6:50

వెనకాలే_వస్తా గారి మాటకి నూటికి నూరు మార్కులు. నేను వేగంగా నడిచే రకం, ఆ మలుపు దగ్గర ఆగే మనిషిని నేనే.

ఒక ఆలోచన చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. ఆదివారం తెల్లవారుజామున మీవారు ఒక్కరే ఆ ఎత్తు ఎక్కి వచ్చేయొచ్చు కదా? మీరు హాయిగా నిద్రపోండి. ఆయన తొమ్మిదింటికి వచ్చాక కలిసి చిన్న నడకకి వెళ్లండి. ఆయన కోరిక తీరుతుంది, మీకు ఒత్తిడి ఉండదు.


పచ్చగడ్డి | బుధవారం, ఉదయం 8:25

నాకు ఇది నచ్చలేదండీ. ఎప్పుడో ఒకసారి ఇద్దరే బయటికి వెళ్తున్నారు, అందులోనూ విడిపోవడమెందుకు? పొద్దున్నే లేచి పరిగెత్తడం ఆయన ఇంటి దగ్గర రోజూ చేస్తున్న పనే. పైగా చీకట్లో తెలియని కొండ మీద ఒక్కరే వెళ్లడం మంచిది కాదు.


ఇంటిదీపం | బుధవారం, మధ్యాహ్నం 12:15

పచ్చగడ్డి గారూ, విడిగా గడిపే రెండు గంటల వల్ల ప్రేమ తగ్గదు. పిల్లాడు పుట్టినప్పటి నుంచీ ఆ అమ్మాయికి తనదంటూ నిశ్శబ్దమైన పొద్దు దొరికి ఉండదు. ఎవరూ లేపకుండా నిద్రపోవడం కూడా ఆమెకి కావలసిందే కావచ్చు. కానీ ఇద్దరూ ముందే అనుకుని ఉండాలి. అక్కడికి వెళ్లాక ఆయన లేచి షూస్ వేసుకుంటుంటే ఈమెకి తెలిసిందనుకో, అది వేరే కథ.

చీకటి విషయంలో మీతో ఏకీభవిస్తాను. వెలుతురు వచ్చాకే బయల్దేరాలి.


తడిగొడుగు | బుధవారం, సాయంత్రం 6:40

వర్షం గురించి ఎవరూ రాయలేదు. రెండు రోజుల ప్రయాణంలో ఒక పూట చెడిపోతే నాలుగో వంతు పోయినట్టే, కాబట్టి ముందే ఆలోచించుకోండి. వాన రోజుకి వేరే దారి పెట్టుకోండి: తక్కువ ఎత్తు, చెట్ల మధ్య, గదికి దగ్గర. సన్నని వానలో గంటన్నర నడిచి వచ్చి వేడిగా ఏదైనా తాగితే ఆ రోజు చెడిపోయినట్టు అనిపించదు.

ఉరుములు మెరుపులు మాత్రం వేరే సంగతి. మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, ఎందుకంటే ధ్వని కిలోమీటరు దాటడానికి మూడు సెకన్లు పడుతుంది. అప్పుడు వెంటనే గట్టు మీద నుంచి దిగి, గోడలూ కప్పూ ఉన్న కట్టడంలోకో కారులోకో వెళ్లాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయటికి రావాలి.

చలి సంగతి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, గాలి వీస్తే ఇంకా చల్లగా ఉంటుంది. నూలు బట్టలు చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, ఆగగానే వణుకు పుడుతుంది. ఒంటికి తగిలే బట్ట త్వరగా ఆరే రకంది వేసుకోండి. ఆగిన వెంటనే జాకెట్ వేసుకోండి, చలి వేసేదాకా ఆగొద్దు. ఇంకొక పొడి సాక్సుల జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టుకోండి.


చిరుగాలి | బుధవారం, రాత్రి 9:35

అందరూ ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. ఇద్దరం కూర్చుని మొత్తం చదివాం. వెనకాలే_వస్తా గారు రాసింది చదివాక మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత 'మనం పార్కుకి వెళ్లినప్పుడు కూడా నేనలాగే చేస్తానా' అని అడిగారు. చేస్తారు అన్నాను. మంచి సంభాషణ జరిగింది.

ఒక ప్రశ్న. నా దగ్గరున్నవి మామూలు స్పోర్ట్స్ షూస్. కొత్తవి కొనాలా?


మెత్తనిఅడుగు | గురువారం, ఉదయం 7:05

దారి బాగా ఉంటే, అడుగున గాడులు అరిగిపోకుండా ఉంటే, పాతవే చాలు. కాలికి అలవాటైన పాత షూ కంటే గట్టి కొత్త బూటు మేలు అని నేను అనను. కొనాలనుకుంటే మాత్రం ఈ వారంలోనే కొనండి, ప్రయాణానికి ముందు రోజు కాదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, నడిచేటప్పుడు కూడా అలాగే ఉబ్బుతాయి. మీరు వేసుకోబోయే సాక్సులే వేసుకుని వెళ్లండి. ముందు వైపు బొటనవేలంత ఖాళీ ఉండాలి. షాపులో వాలుగా ఉన్న చోట దిగి చూడండి, వేళ్లు ముందుకి తగిలితే ఆ సైజు వద్దు. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు కాలి గోళ్లు కత్తిరించుకోండి.

బొబ్బల గురించి ఒక్క మాట. బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు ఆ చోట వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తుంది. అప్పుడే ఆగాలి. 'ఇంకో కిలోమీటరే కదా' అనుకోవద్దు. షూ విప్పి, ఆరబెట్టి, అక్కడ టేప్ ముడతలు లేకుండా అంటించండి. తడి పాదానికి రాపిడి ఎక్కువ, అందుకే మధ్యాహ్నం ఆగినప్పుడు షూ, సాక్సులు విప్పి పావుగంట గాలి తగలనివ్వండి. చిన్న బొబ్బ వస్తే గిల్లకండి, పైనున్న చర్మమే దానికి రక్ష. దిగడం మొదలుపెట్టే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టండి, పాదం ముందుకి జారదు.


ఉత్తరందిక్కు | గురువారం, ఉదయం 9:30

వెనక్కి తిరిగే సమయం ఒకటి ముందే అనుకోండి. ఉదాహరణకి పన్నెండు. పన్నెండైతే ఎక్కడున్నా వెనక్కే, శిఖరం అర కిలోమీటరు దూరంలో కనిపిస్తున్నా సరే. ఇది గదిలో, కడుపు నిండా తిని కూర్చున్నప్పుడు తీసుకోవలసిన నిర్ణయం. కొండ మీద అలసటలో తీసుకుంటే ఒకరు ఒప్పించాలి, ఇంకొకరు లొంగాలి. ఆ చేదు రోజంతా ఉంటుంది.

పొద్దు ఎంత మిగిలిందో చూడటానికి చేతి లెక్క ఒకటుంది. చేయి చాచి, వేళ్లు అడ్డంగా సూర్యుడికీ నేలగీతకీ మధ్య పెట్టండి. ఒక్కో వేలు సుమారుగా పావుగంట. నాలుగు వేళ్లు పడితే గంట. లోయలోనూ చెట్ల కిందా అంతకంటే ముందే చీకటి పడుతుంది. తొందరగా వచ్చేస్తాం అనుకున్నా సరే ఇద్దరికీ ఒక్కో హెడ్‌ల్యాంప్ ఉండాలి. విజిల్ కూడా. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు.


పచ్చగడ్డి | గురువారం, ఉదయం 10:05

అక్కా, బాబుని వదిలి వెళ్తున్నారు కదా, ఫోన్ సంగతి ముందే మీ అమ్మగారితో అనుకోండి. కొండ మీద సిగ్నల్ ఉండదని, ఏ వేళకి మీరే ఫోన్ చేస్తారో చెప్పి వెళ్లండి. లేకపోతే ఆవిడ అక్కడ, మీరు ఇక్కడ, ఇద్దరూ కంగారు పడుతూ ఉంటారు. మా అక్క ఇలా వెళ్లినప్పుడు ప్రతి పది నిమిషాలకీ సిగ్నల్ వచ్చిందా అని చూసుకుంటూనే నడిచింది.


చిరుగాలి | శుక్రవారం, రాత్రి 9:50

మా కొత్త ప్లాన్ రాస్తున్నాను.

మూడు గంటల ప్రయాణం దూరంలో చోటు మార్చుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఇద్దరం సెలవు పెట్టాం, ఏడింటికల్లా చేరతాం. రెండు రాత్రులూ ఒకే గది. ఫోన్ చేసి అన్నీ అడిగాను. వేడినీళ్లు రోజంతా ఉంటాయట, కుర్చీలు రెండున్నాయట.

శనివారం 10 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు. నిటారు వైపు ఎక్కి తీరుబడి వైపు దిగే చుట్టుదారి, పైన శిఖరం కాదు కానీ గట్టు ఉంది. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున రెండున్నర గంటలు, ఎక్కుడుకి నలభై నిమిషాలు, ఆగడానికి గంటన్నర, మొత్తం ఐదు గంటల లోపే. ఎనిమిదికి బయల్దేరితే ఒంటి గంటకి గదిలో ఉంటాం. సగం దారికి పదిన్నర లోపు చేరకపోతే వెనక్కి. నేను ముందు, ఆయన వెనక.

ఆదివారం ఆయన తెల్లవారాక ఒక్కరే వెళ్లి తొమ్మిదింటికి వచ్చేస్తారు. నేను నిద్రపోతాను. నాకే ఇది ఎక్కువ నచ్చింది. తర్వాత వాగు పక్కన చదునుగా 5 కిలోమీటర్లు ఇద్దరం కలిసి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. మోకాలు డాక్టరుకి చూపించాను. వాపు లేదు, కొన్ని వ్యాయామాలు చెప్పారు. మెట్లు దిగడం మొదలుపెట్టాను.

మా తమ్ముడికి పంపడానికి ఈ మెసేజ్ రాసి పెట్టుకున్నాను: 'శనివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరుతున్నాం. దారి మ్యాప్ ఫోటో పంపుతున్నాను. ఒంటి గంటకి గదికి చేరాక మెసేజ్ పెడతాం.' సరిపోతుందా?


కాలిబాట | శుక్రవారం, రాత్రి 10:20

ప్లాన్ చాలా బాగుంది. మెసేజ్‌కి ఇంకో రెండు వాక్యాలు కలపండి. 'నాలుగింటి దాకా కబురు లేకపోతే బసకి ఫోన్ చెయ్యి, నంబరు ఇది. వాళ్లు కూడా చూడలేదంటే అక్కడి అత్యవసర నంబరుకి ఫోన్ చేసి ఈ మ్యాప్ చూసి మా దారి చెప్పు.' ఎప్పుడు కంగారు పడాలో తెలియకపోతే మీ తమ్ముడు ఒంటి గంట ఐదు నిమిషాలకే పడతారు, లేదా రాత్రయినా పడరు. ఆదివారం మీవారు ఒక్కరే వెళ్లేటప్పుడు ఇలాంటిదే ఇంకొకటి కాగితం మీద రాసి మీ మంచం పక్కన పెట్టి వెళ్లమనండి.


చిరుగాలి | శుక్రవారం, రాత్రి 10:31

కలిపేశాను. కాగితం సంగతి ఆయనకి చెప్పాను, 'తొమ్మిదిన్నరకి నేను రాకపోతే' అని మొదలుపెట్టి ఇప్పుడే రాస్తున్నారు.